వేలంలో ఇల్లు కొంటానన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ఫోన్లో పంపిన బ్యాంకు వేలం ప్రకటన రెండుసార్లు చదివాను. అమలాపురం దగ్గర డాబా ఇల్లు, ఐదు సెంట్లు, రిజర్వు ధర (పాట మొదలయ్యే కనీస ధర) 42 లక్షలు. బయట రేటు కన్నా పది లక్షలు తక్కువని సంబరపడుతున్నావు. ఆ పది లక్షలు ఎందుకు తగ్గాయో తెలిశాక సంబరపడుదువుగాని.

నా సంగతి నీకు సగమే తెలుసు. 2011లో పాలకొల్లులో నేనూ ఇలాగే కొన్నాను. అప్పట్లో సీల్డు టెండర్లు. ప్రకటనలో 'సింబాలిక్ పొసెషన్' అని ఉంటే, బ్యాంకువాళ్ళ ఇంగ్లీషేలే అని వదిలేశాను. అంటే గోడకి నోటీసు అంటించి వచ్చారు తప్ప తాళం వాళ్ళ చేతిలో లేదని అర్థమట. డబ్బంతా కట్టి, సేల్ సర్టిఫికెట్ పట్టుకుని వెళ్తే, అప్పు తీసుకున్నాయన తల్లి అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. "ఎవరు కావాలి బాబూ?" అంది. ఏం చెప్పను? ఇల్లు చేతికి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆఖరికి వాళ్ళ అద్దె ఇంటి అడ్వాన్సు, సామాన్ల ట్రాక్టరు ఖర్చు నేనే ఇచ్చాను. రూలు ప్రకారం ఇవ్వక్కర్లేదు. ఇచ్చినందుకు బాధ లేదు కానీ, ముందే లెక్కలో వేసుకోలేదే అన్నదే బాధ.

కాబట్టి బ్యాంకుని మొదట అడగాల్సింది తాళం ఎవరి దగ్గరుందని. ఇంట్లో మనుషులుంటే, సర్ఫేసీ చట్టం (తనఖా ఆస్తిని అమ్మి బ్యాంకు బాకీ రాబట్టుకునే చట్టం) 14వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేట్ ద్వారా ఖాళీ చేయించుకునే దారి బ్యాంకుకి ఉంది. ఆ ఆర్డరు వచ్చిందా, అసలు దరఖాస్తే పెట్టలేదా? బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్, డీఆర్టీలో కేసుందా, స్టే ఉందా? ఇవన్నీ ఈమెయిల్లో అడుగు, జవాబూ ఈమెయిల్లోనే తీసుకో. నోటిమాట మేనేజరు ట్రాన్స్‌ఫర్‌తో పాటే పోతుంది.

ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో 'ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే' అన్న షరతు చూశావా? ఇంటి పన్ను బకాయి, కరెంటు బకాయి, హద్దు తగాదా, పక్కవాడు జరిపిన గోడ, అన్నీ నీ నెత్తినే పడతాయి. బ్యాంకు లాయరు అప్పు ఇచ్చేటప్పుడు చూశాడు కదా అనకు. అప్పుడు చూసింది బ్యాంకు కోసం. మనూరి లాయరు చేత మనం చూపించుకోవాలి. ముప్పై ఏళ్ళకి తక్కువ కాకుండా ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, తీయించు. ఈసీలో కనపడనిది ఇంటి ఆడపడుచుల వాటా. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి హక్కు 1985 సెప్టెంబరు నుంచే ఉంది. ఆ ఇల్లు పిత్రార్జితమైతే, పంపకం కాగితాల్లో అక్కచెల్లెళ్ళ సంతకాలు ఉన్నాయో లేవో చూడాలి.

ఇక మన డెల్టా నేల సంగతి వేరు. దస్తావేజులో 'తూర్పు పంటబోదె, పడమర పుంత' అని రాసి ఉంటే నాకు అనుమానమే. పొలాలకి నీళ్ళు పారే బోదెనీ, బండ్లు నడిచే పుంతనీ కొంచెం కొంచెంగా కలిపేసుకుని కాంపౌండు కట్టినవాళ్ళు మన దగ్గర తక్కువేం కాదు. ఐదు సెంట్లంటే 242 గజాలు. సర్వేయరు చేత కొలిపిస్తే కాగితం మీద 242, నేల మీద 215 తేలవచ్చు. కాలువ గట్టు పోరంబోకు, లంక భూమి, దేవాదాయం (గుడి భూమి), అసైన్డు (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి), వీటిలో ఏదైనా తగిలితే దగ్గరికి పోవద్దు. రిజిస్ట్రేషను చేయకూడని భూముల 22-ఎ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కో. రెవెన్యూవాళ్ళ భూమి రికార్డు అడంగల్లో ఇంకా కొబ్బరితోట అని ఉందంటే ఇంకో చిక్కు. వ్యవసాయ భూమి మీద తనఖాకి సర్ఫేసీ వర్తించదు. ఆ మాట పట్టుకుని అప్పు తీసుకున్నవాడు కోర్టుకెక్కితే నీ డబ్బు అందులో ఇరుక్కుంటుంది.

డబ్బు విషయం. ఈఎండీ, అదే పాటకి ముందు కట్టే ధరావతు, రిజర్వు ధరలో పది శాతం, అంటే 4.20 లక్షలు ముందే కడతావు. 46 లక్షలకి పాట నీకు వచ్చిందనుకో, ఈఎండీతో కలిపి నాలుగోవంతు, 11.50 లక్షలు, ఆ రోజే గానీ మర్నాటి పనిదినానికి గానీ కట్టాలి. మిగతా 34.50 లక్షలు అమ్మకం ఖరారైన 15 రోజుల్లో. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గడువు పెరుగుతుంది, మొత్తం మూడు నెలలు దాటదు. కట్టలేకపోతే కట్టింది పోతుంది. పాట గెలిచాక లోనుకి తిరుగుదామంటే కుదరదురా. ముందే శాంక్షను తెచ్చుకుని వేలానికి కూర్చో. పాట 50 లక్షలకి చేరితే ధరలో ఒక శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కూడా నువ్వే పట్టి కట్టాలి.

కోర్టు వేలం సంగతీ అడిగావు. అక్కడా అదే రోజు నాలుగోవంతు, 15 రోజుల్లో మొత్తం. కానీ బాకీదారుడు 60 రోజుల్లోపు బాకీ కట్టి, నీకు ఐదు శాతం అదనంగా జమచేస్తే అమ్మకం రద్దయిపోతుంది. నీకు మాత్రం అంత ఓపిక లేదు, బ్యాంకు వేలమే చూసుకో.

వేలం రోజు ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో పాడడం సుఖంగానే ఉంటుంది. ఆఖరి నిమిషాల్లో ఎవరైనా పెంచితే టైము పొడిగిస్తారు, అక్కడే టెన్షన్ పుడుతుంది. నీ మొండితనం నాకు తెలుసు. ఎంతవరకు వెళ్తావో ముందురోజు కాగితం మీద రాసి అమ్మాయి చేతికివ్వు. ఆ అంకె దాటితే లాప్‌టాప్ మూసెయ్యమను. "కమీషన్ ఇస్తే పాట ఆపుతాం" అంటూ ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టెయ్. ప్రకటనలో ఇచ్చిన ఖాతాలో తప్ప ఒక్క రూపాయి కట్టకు.

ఇల్లు చూసే తేదీ బ్యాంకు ఇచ్చింది కదా. ముందురోజు రాత్రి నర్సాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కి పాలకొల్లులో దిగు. చించినాడ వంతెన మీదుగా ఇద్దరం నా బండి మీద వెళ్దాం. వరద నీళ్ళు గోడకి ఎంతవరకు తగిలాయో, వర్షంలో మురుగు ఎటు పోతుందో పక్కింటివాళ్ళని నేను అడుగుతాను. నువ్వు అడిగితే కొనేవాడివని పసిగట్టేస్తారు. దస్తావేజుల జెరాక్సులు పెద్ద అక్షరాల్లో తీయించి తీసుకురా, కళ్ళజోడు మార్చినా చిన్న అక్షరాలు కనపడటం లేదు.

మీ మామయ్య