లావా ల్యాంపులో మైనం లేవడం లేదా? సీసా మూత తీయకముందు చూడవలసినవి

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇది. మీ చిన్నాయన సౌదీలో కొన్నేళ్లు వాడుకొని, 2001లో తిరిగి వస్తూ జగిత్యాలకు తెచ్చిన లావా ల్యాంపు (కింది బల్బు వేడికి గాజు సీసాలోని మైనం ముద్దలుగా లేస్తూ దిగుతూ ఉండే అలంకార దీపం) ఇన్నాళ్లూ సజ్జ మీద అడ్డంగా పడి ఉంది. ఈ మధ్య దింపి ప్లగ్గు పెట్టగానే అందులోని బల్బు ఒక్క క్షణం తెల్లగా మెరిసి మాడిపోయింది. దాని స్థానంలో ఎల్‌ఈడీ బల్బు పెడితే మైనం కదలనే లేదు. 15 వాట్ల చిన్న బల్బు పెడితే మూడు గంటలకు మెత్తబడి, వేలెడంత స్తంభంలా లేచి అక్కడే నిలిచిపోయింది. అడుగున చుట్టూ ఆవగింజలంత పూసలు విడివిడిగా పడి ఉన్నాయి. మూత తీసి నీళ్లు మార్చి, చిటికెడు ఉప్పు వేస్తే సరిపోతుందా అని మీరు అడుగుతున్నారు.

దయచేసి మూత తీయకండి. మీరు చెప్పిన లక్షణాల్లో ఏ ఒక్కటీ సీసాలోని ద్రవం చెడిపోయిందని చెప్పడం లేదు. అన్నీ వేడి చాలకపోవడం వైపే చూపుతున్నాయి. హనుమకొండలో మా ఇంట్లో ఉన్న దీపం మా చిన్నబావ దుబాయి నుంచి తెచ్చింది. దానితో నేను చాలా ఏళ్లుగా వేగుతున్నాను. మీరు చేయబోతున్న తప్పును నేను ఇదివరకే చేసి చూసినవాణ్ని గనుక, ఈ జవాబు కొంచెం పొడవుగానే ఉంటుంది.

చల్లగా ఉన్నప్పుడు మైనం తన చుట్టూ ఉన్న ద్రవం కంటే చాలా కొద్దిగా బరువుగా ఉంటుంది. వేడెక్కినప్పుడు రెండూ వ్యాకోచిస్తాయి గాని, మైనం ద్రవం కంటే ఎక్కువగా వ్యాకోచించి, తేలికై పైకి లేస్తుంది; పైన బల్బుకు దూరమై చల్లబడి, మళ్లీ బరువెక్కి కిందికి దిగుతుంది. కనుక వేడి ఒక్కటే ఉంటే చాలదు, అడుగు వేడిగానూ పైభాగం అంతకంటే చల్లగానూ ఉండాలి. అడుగున కనిపించే లోహపు చుట్ట దిగివచ్చిన ముద్దల తలతన్యతను ఛేదించి, వాటిని తిరిగి పెద్ద ముద్దలో కలుపుతుంది. ఎడ్వర్డ్ క్రేవెన్ వాకర్ అనే ఆంగ్లేయుడు 1963లో ఈ దీపాన్ని మార్కెట్లోకి తెచ్చాడు. ఒక పబ్బులో కోడిగుడ్లు ఉడికే సమయం తెలుసుకోవడానికి పెట్టుకున్న నీళ్లూ మైనం సీసాను చూసి ఆయనకు ఈ ఆలోచన పుట్టిందంటారు. ఆ మైనానికీ ద్రవానికీ మధ్య తూకం వెంట్రుకవాసిలో ఉంటుంది. మనం వంటింటి చెంచాలతో ఊహించి సరిదిద్దగలిగింది కాదు.

ఇక మీ బల్బు సంగతి. వెలిగిన క్షణంలోనే మాడిపోయిందంటే అది పాతబడి పోయింది కాదనుకుంటాను. ఆ కాలంలో సౌదీ ఇళ్లలో 127 వోల్టుల కరెంటు ఉండేది, మనది 230. నూట ఇరవై ఏడుకు చేసిన బల్బును మన ప్లగ్గులో పెడితే అది తన శక్తికి రెండున్నర రెట్లకు పైగా లాగి మాడిపోతుంది. కాబట్టి దీపం కింది దిమ్మెను తిరగేసి, దాని మీద అంటించిన కాగితం మీద ఎన్ని వోల్టులు, ఎన్ని వాట్లు అని రాసి ఉందో చూడండి. అలా అని దీపమే పనికిరాదని కాదు. చాలావాటిలో ఒక వైరు, ఒక స్విచ్చు, ఒక హోల్డరు తప్ప మరేమీ ఉండవు. అన్నే వాట్ల 230 వోల్టుల బల్బు పెడితే వైరులో పారే కరెంటు తగ్గుతుందే తప్ప పెరగదు. అయితే హోల్డరు మీద, స్విచ్చు మీద 250 వోల్టులు అని ఉండాలి. లేకపోతే, లేదా ఇరవై ఏళ్ల వైరు వంచగానే పెళుసుగా పగుళ్లు చూపితే, ఆ మూడింటినీ మార్పించండి. ఎలక్ట్రీషియనుకు అరగంట పని. దిమ్మెలో చిన్న ట్రాన్స్‌ఫార్మరు గాని డిమ్మరు గాని ఉంటే మాత్రం, దాన్ని చూపించకుండా మళ్లీ ప్లగ్గు పెట్టవద్దు.

ఎల్‌ఈడీ బల్బుతో ఈ దీపం ఎప్పటికీ పారదు, అంటే మైనం ముద్దలుగా లేచి దిగదు. ఇందులో వెలుగు అదనపు అందమే. అసలు పని చేసేది వేడి. పాతకాలపు ఫిలమెంటు బల్బు తీసుకున్న కరెంటులో పదోవంతు కూడా వెలుగుగా మార్చదు, తక్కినదంతా వేడి కిందనే పోతుంది. వెలుగు కోసం మనం దాన్ని ఇళ్లనుంచి వెళ్లగొట్టడానికి కారణమైన ఆ గుణమే ఇక్కడ మనకు కావలసింది. మీ 15 వాట్ల బల్బు మైనాన్ని మెత్తబరచగలిగింది గాని తేలిక చేయలేకపోయింది. వేలెడంత స్తంభం లేచి నిలవడం చెడిపోయిన గుర్తు కాదు, సగం వేడెక్కిన ప్రతి దీపంలోనూ మొదటి గంటలో కనిపించే రూపమే అది. మీ బల్బు దాన్ని ఆ దశ దాటించలేదు. మధ్యరకం దీపాలకు సాధారణంగా 25 నుంచి 40 వాట్లు కావాలి. కాగితం మీద ఉన్న అంకెను దాటి మాత్రం పెట్టకండి. ఇటువంటి చిన్న స్క్రూ బల్బులు ఇప్పుడు మామూలు దుకాణాల్లో అరుదు. నేను హనుమకొండ చౌరస్తా చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఒక పాత ఎలక్ట్రికల్ దుకాణంలో అడుగు అరలో దుమ్ము పట్టిన డబ్బాలో నాలుగు సంపాదించాను. అవెన్‌లలో వాడేవి, ఉప్పురాతి దీపాల్లో వాడేవి ఆన్‌లైనులో దొరుకుతాయి గాని, కొనేముందు వాట్లు చూసుకోవాలి, వాటిలో 15 వాట్లవే ఎక్కువ.

సరైన బల్బు పెట్టాక కూడా పారకపోతే ఏమిటన్నది నాకు బాగా తెలిసిన విషయం. మా దీపం ఒక చలికాలంలో వింతగా ప్రవర్తించింది. సాయంత్రం ఆరింటికి వేస్తే తొమ్మిదిన్నరకు కూడా మైనం బద్ధకంగా మూలిగేది. నిద్ర పట్టక ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి వేస్తే ఐదున్నరకల్లా చక్కగా ముద్దలు ముద్దలుగా పారింది. అదే బల్బు, అదే గది, పైగా తెల్లవారుజాము ఇంకా చలి. నేను కాజీపేట ఎలక్ట్రిక్ లోకో షెడ్డులో పనిచేసి దిగినవాణ్ని. అయినా ఇంట్లో మల్టీమీటరు తీయడానికి నాకు వారం పట్టింది. తీసి చూస్తే రాత్రి ఎనిమిదింటికి మా ప్లగ్గులో 195 వోల్టులు, తెల్లవారి నాలుగింటికి 234. ఫిలమెంటు బల్బుకు వోల్టేజీ కొంచెం తగ్గినా వేడి చాలా తగ్గుతుంది. 230 దగ్గర 40 వాట్లు తీసుకునే బల్బు 195 దగ్గర ముప్పై వాట్లకు అటూ ఇటూగా మిగులుతుంది. వెలుగులో ఆ తేడా మన కంటికి అంతగా ఆనదు గాని, మైనానికి అదే కదలడానికీ కూర్చోవడానికీ మధ్య తేడా. ఆ రాత్రి మా ఇంటావిడ గొణుగుతున్నా వినకుండా ఫ్రిజ్ స్టెబిలైజరుకు దీపం తగిలించి చూశాను. రెండున్నర గంటల్లో పారింది. ఫ్రిజ్‌కు దాని స్టెబిలైజరును ఆ రాత్రే తిరిగి ఇచ్చేశాను, ఈ దీపానికి వేరే చిన్నది కొన్నాను; ఒక దీపానికి స్టెబిలైజరా అని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. మీకు మల్టీమీటరు లేకపోతే, ఇదే దీపాన్ని ఒకసారి సాయంత్రం, ఒకసారి తెల్లవారుజామున వేసి గడియారం పెట్టుకొని చూడండి, సంగతి అదే తేలుతుంది.

వోల్టేజీ తర్వాత చూడవలసింది సీలింగు ఫ్యాను. ఈ దీపాలు తిరిగే గాలిని సహించవు. ఫ్యాను గాలి సీసా గోడలనుంచి వేడిని ఎప్పటికప్పుడు లాగేస్తుంది; ఏసీ గాలి సూటిగా తగిలితే మరీ అన్యాయం. దీపాన్ని ఫ్యాను కింద నుంచి తీసి, గోడ మూలకు గాని ముందు తెరిచి ఉన్న షెల్ఫులోకి గాని మార్చండి. తయారీదారులు సాధారణంగా 20 నుంచి 24 డిగ్రీల గది వేడిమిని మంచిదంటారు, అంతటి భాగ్యం మనకు ఏడాదిలో ఎన్నాళ్లు ఉంటుందో మీకూ తెలుసు. ఎండాకాలంలో కథ తిరగబడుతుంది. మే నెలలో మా పైగదిలో, స్లాబు వేడికి మైనమంతా పైకి చేరి టోపీలా కూర్చొని దిగిరాదు, లేదా వందల చిన్న చిన్న బుడగలై తిరుగుతుంది. అప్పుడు పైభాగం చల్లబడే అవకాశమే లేదు గనుక మైనం దిగదు. ఆ కాలంలో నేను 40 వాట్ల బల్బు తీసి 25 వాట్లది పెడతాను, రాత్రి పదింటి తర్వాతే వేస్తాను. ఏప్రిల్, మే నెలల్లో అసలు వేయకపోయినా దీపానికి నష్టమేమీ లేదు. ఏ కాలంలోనైనా వరుసగా ఎనిమిది గంటలకు మించి వెలగనీయకూడదు.

అడుగున విడిపడిన పూసలకు రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, దీపం సజ్జ మీద ఏళ్లపాటు అడ్డంగా పడి ఉండడం వల్ల మైనం ఒక పక్కకు చేరి, చుట్ట తన చోటునుంచి తొలగి ఉండడం. రెండు, వేడి చాలక చుట్ట తగినంత వేడెక్కకపోవడం. సరైన బల్బు పెట్టి ఆరేడు గంటలు వెలిగించి, పూర్తిగా ఆర్పి, గది వేడికి చల్లారనిచ్చి మళ్లీ వెలిగించండి. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే చాలావరకు పూసలు పెద్ద ముద్దలో కలిసిపోతాయి. మా దీపానికి నాలుగో రోజు కలిశాయి. అప్పటికీ చుట్ట మైనంలో వంకరగా తేలుతూ ఉంటే, మైనం పూర్తిగా కరిగిన సమయంలో దీపం ఆర్పి, మందపు గుడ్డతో సీసాను పట్టుకొని, నిలువుగానే ఉంచి పక్కలకు మెల్లగా ఒకటి రెండు సార్లు తిప్పితే చుట్ట అడుగుకు దిగుతుంది. తిప్పాలే గాని ఊపకూడదు. వేడిగా ఉన్నప్పుడు ఊపితే మైనం ద్రవంలో సన్నటి తుంపరై కలిసి, పాలు కలిపిన నీళ్లలా అయిపోతుంది, అది తేరుకోవడానికి వారాలు పట్టవచ్చు, తేరుకోకనూ పోవచ్చు.

ఇప్పుడు నేను మూత తీసిన సంగతి. పై వోల్టేజీ వివరం తెలియకముందే, ద్రవం కొంచెం తగ్గినట్టు కనిపిస్తే, అందుకే పారడం లేదనుకొని పైమూత కటింగు ప్లేయరుతో విప్పి, మా బోరు నీళ్లు నాలుగు చెంచాలు పోశాను. మా కాలనీ బోరు నీళ్లు గిన్నెల మీద తెల్లటి చారలు వదిలేవి. మర్నాటికి సీసా గంజిలా మసకబారింది. మైనం మునుపటికంటే మొద్దుగా కూర్చుంది, ఎందుకంటే ఆ ద్రవం మామూలు నీళ్లకంటే బరువైనది, నేను దాన్ని పలుచన చేశాను. తర్వాత బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటరులో ఉప్పు కరిగినంత కరిగించి, పిల్లల మందు డ్రాపరుతో రోజుకు కొన్ని చుక్కలు వేస్తూ, ప్రతిసారీ వెలిగించి చూస్తూ దాదాపు నెల రోజులకు కదలిక తెప్పించగలిగాను. ఉప్పు ద్రవాన్ని బరువెక్కించి మైనాన్ని లేపుతుంది, ఎక్కువైతే అది పైననే ఉండిపోతుంది. ఆ మసక మాత్రం ఈనాటికీ పూర్తిగా పోలేదు, రాత్రి చీకట్లో వెలిగిస్తే తప్ప బాగుండదు. మూత దగ్గర కారి ద్రవం రెండు వేళ్లకు మించి తగ్గితేనో, వోల్టేజీ, బల్బు, ఫ్యాను అన్నీ సరిచూశాక కూడా పారకపోతేనో తప్ప ఆ పనికి దిగవద్దని నా సలహా. దిగినా డిస్టిల్డ్ వాటరే పోయండి, బోరు నీళ్లు గాని నల్లా నీళ్లు గాని వద్దు.

మూత తీయకపోవడానికి ఇంకో కారణం ఆరోగ్యం. మొదటి దశాబ్దాల్లో మైనాన్ని బరువెక్కించడానికి కొందరు కార్బన్ టెట్రాక్లోరైడ్ కలిపేవారు. అది కాలేయానికి విషం. మీ దీపం అంత పాతది కాకపోవచ్చు, అయినా లోపల ఏముందో సీసా మీద రాసి ఉండదు. అలాగే, మా బంధువుల్లో ఒకాయన సలహా ఇచ్చినట్టు, త్వరగా కరుగుతుందని సీసాను గ్యాస్ పొయ్యి మీదనో మరిగే నీళ్లలోనో పెట్టకండి. 2004లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక యువకుడు లావా ల్యాంపును పొయ్యి మీద వేడి చేయగా అది పేలి, గాజు ముక్క గుండెలో దిగి చనిపోయాడు. మూత బిగించిన గాజు సీసా అది. దానికి వేడి మెల్లగానే ఎక్కాలి.

ముందుగా మీరు దిమ్మె మీది కాగితంలోని వోల్టులూ వాట్లూ, హోల్డరు వెడల్పూ ఇక్కడ రాయండి. ఆ తర్వాత సరైన బల్బు పెట్టి, ఫ్యానుకు దూరంగా, రెండు మూడు గంటలకు తొందరపడకుండా మొదటి రెండు మూడు రోజులు వెలిగించి, మైనం ఎన్ని గంటలకు మొదటిసారి అడుగునుంచి విడిపోయిందో గుర్తు పెట్టుకోండి. నాలుగు గంటలు దాటినా విడిపోకపోతే వోల్టేజీ ఎంత ఉందో చూసి చెప్పండి; అప్పుడు ఉప్పు సంగతి మాట్లాడుకుందాం.