నీ షామన్ ఏ పని మీద వెళ్ళాడు?

తమ్ముడూ,

నీ కథ చదివాను. చిరాకేసి సగంలో పక్కన పడేసి, మళ్ళీ తీసి చదివాను. హీరో ఆ కషాయం తాగడం, రంగులు తిరగడం, విశ్వం తనలోకి రావడం, తను విశ్వంలోకి పోవడం, మధ్యమధ్యలో "మాటలకందని అనుభూతి" అని, "వర్ణించడానికి భాష చాలదు" అని. భాష చాలకపోతే ఆరు పేజీలు ఎలా రాశావయ్యా?

ఆ ఆరు పేజీలు దాటాక ఒక లైనుంది. ముసలి షామన్, అంటే జనం కోసం అవతలి లోకానికి వెళ్ళొచ్చే మంత్రవైద్యుడు, స్పృహలోకొచ్చి, డోలు పక్కన పెట్టి, "పిల్లాడికి జ్వరం తగ్గిందా?" అని అడుగుతాడు. అక్కడ ఆగిపోయాను. అది రాసినవాడికి రాయడం వచ్చు. కానీ నువ్వే దాన్ని పట్టించుకోలేదు, మళ్ళీ రంగుల్లో పడ్డావు, ఆ పిల్లాడు బతికాడో పోయాడో కథ అయిపోయినా తెలీలేదు నాకు. ఈ ఉత్తరం ఆ పిల్లాడి కోసమే రాస్తున్నా అనుకో.

నేను ఎప్పట్నుంచో మొత్తుకునేది ఒకటే, షామన్ అవతలి లోకానికి షికారుకి పోడు. పని మీద పోతాడు. ఎవరికో జబ్బు చేసింది, ఎవరి ప్రాణమో తప్పిపోయింది, వేట దొరకట్లేదు, అందుకు వెళ్తాడు. ఇవతల కొంతమంది ఎదురు చూస్తూ ఉంటారు. క్నుడ్ రాస్ముసెన్ అనే డెన్మార్క్ అన్వేషకుడు 1921 నుంచి 1924 దాకా ఆర్కిటిక్‌లో తిరిగి, ఇగ్లూలిక్ ఇన్యూట్ అనే అక్కడి మంచు ప్రాంతపు జనం షామన్లు చెప్పింది కూర్చుని రాసుకున్నాడు. వాళ్ళు వేటాడి తినే సీల్స్ అనే సముద్ర జంతువులు దొరక్కపోతే షామన్ సముద్రం అడుక్కి దిగాలి. అక్కడ ఒకావిడ ఉంటుంది, సముద్ర జంతువులన్నీ ఆవిడ చేతిలోనే. మనుషులు కట్టుబాట్లు తప్పినప్పుడల్లా ఆ మురికంతా వెళ్ళి ఆవిడ జుట్టుకి పడుతుంది, దువ్వుకుందామంటే వేళ్ళు లేవు, ఎప్పుడో తెగిపోయాయి. షామన్ చేయాల్సిన పనేంటంటే, వాకిట్లో కాపలా ఉన్న కుక్కని దాటుకుని లోపలికెళ్ళి, కోపంగా అటు తిరిగి కూర్చున్న ఆవిడకి తల దువ్వాలి. తల దువ్వాలి తమ్ముడూ! ఆవిడ శాంతించాక జంతువుల్ని వదుల్తుంది. పైన ఇంట్లో దీపాలార్పి జనం కళ్ళు మూసుకుని కూర్చుంటారు, షామన్ తిరిగొచ్చాక ఒక్కొక్కళ్ళు తాము దాచిపెట్టిన తప్పులు బయటపెట్టాలి, తినకూడనిది తిన్నామనో, గర్భం పోయిన సంగతి దాచామనో. ఇందులో రంగులెక్కడున్నాయి, కాస్మిక్ ఎనర్జీ ఎక్కడుంది? వేళ్ళు లేని ఆడమనిషి, చిక్కుపడ్డ జుట్టు, బయట ఆకలి. నాకు దీనికంటే వియర్డ్, అంటే వింతగా ఒళ్ళు జలదరించేది, ఇంకేదీ గుర్తు రావట్లేదు.

సరిగ్గా అదే కాలంలో లవ్‌క్రాఫ్ట్ అనే అమెరికన్ భయానక కథల రచయిత, ఆ మంచు ముఖం చూడకుండానే, 1928లో అచ్చయిన తన ఫేమస్ కథ "ది కాల్ ఆఫ్ క్తుల్హు"లో గ్రీన్‌లాండ్ వాళ్ళని దయ్యాన్ని కొలిచే దిగజారిన గుంపుగా రాసి పడేశాడు. నాకు ఆయనతో పేచీ అదొక్కటే కాదు, ఆయన్ని చూసి మన కుర్రాళ్ళు నేర్చుకున్న "అనిర్వచనీయ భయానక" విశేషణాలతో కూడా. ఆయనకి ఆ విశేషణాల వెనక ఒక ప్లాన్ ఉండేది, కాపీ కొట్టేవాళ్ళకి విశేషణాలే మిగిలాయి.

"మిస్టిక్ అనుభవం అంటేనే చెప్పలేనిది కదా సర్" అంటావు, నాకు తెలుసు. విలియం జేమ్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1902లో ఇలాంటి అనుభవాలకి నాలుగు గుర్తులు చెప్పాడు. మాటల్లో చెప్పలేకపోవడం మొదటిది, అందరూ దాన్ని పట్టుకుని వేలాడతారు. రెండోది ఎవరూ చూడరు. అందులోంచి వచ్చినవాడికి తనకేదో కొత్తగా తెలిసిందన్న గట్టి నమ్మకం ఉంటుంది, ఊరికే ఒళ్ళు పులకరించడం కాదు. మరి నీ హీరోకి ఏం తెలిసింది? "అంతా ఒక్కటే" అని రాశావు. అది తాగక ముందు కూడా వాడికి తెలుసు, రెండో పేజీలో చెప్పాడు.

మెక్సికోలో మరియా సబీనా అనే వైద్యం చేసే ఆవిడ సంగతి చూడు. గోర్డన్ వాసన్ అనే అమెరికన్ బ్యాంకర్ 1955లో ఆవిడ దగ్గరికెళ్ళి మత్తునిచ్చే పుట్టగొడుగులు తినే రాత్రి పూజలో కూర్చున్నాడు. ఊరికే చూద్దామని వచ్చానంటే కుదరదు, ఏదో ఒక ప్రశ్న ఉండాలి, అందుకని తన కొడుకు ఎలా ఉన్నాడో తెలుసుకోవాలన్నాడు. 1957లో లైఫ్ పత్రికలో రాశాడు. ఆ తర్వాత జనం ఎగబడ్డారు, దేవుణ్ణి చూస్తామని, అనుభవం కావాలని. ఊళ్ళోవాళ్ళకి ఆవిడ మీద కోపం వచ్చింది, ఇల్లు తగలబడింది. అంతకుముందు జబ్బు నయం చేయడానికే తప్ప ఊరికే దేవుడి కోసం ఎవరూ ఆ పుట్టగొడుగుల్ని తీసుకునేవాళ్ళు కాదని ఆవిడే తర్వాత చెప్పింది. నీ హీరో కూడా ఆ ఎగబడ్డ గుంపులో వాడే. అలాంటివాడి మీద కథ రాయొచ్చు, కానీ అప్పుడు ఆవిడ ఇల్లు కూడా కథలో ఉండాలి.

నేను ఒకప్పుడు ఒక కథ రాశా. తప్పిపోయిన ప్రాణం కోసం ఒక ముసలావిడ కిందికెళ్తుంది, బేరమాడి తెస్తుంది, కానీ తెచ్చింది ఆ మనిషి ప్రాణం కాదు, ఇంట్లోవాళ్ళకి అది మెల్లమెల్లగా అర్థమవుతుంది. ఒక ఎడిటర్ గారు "ఆవిడకి నిజంగా శక్తి ఉందా, పిచ్చా, చివర్లో తేల్చండి" అన్నారు. తేల్చనన్నాను. అచ్చులో చూస్తే చివరి పేరాలో ఒక డాక్టరు వచ్చి అంతా వివరంగా చెప్పి వెళ్ళాడు, నేను పెట్టనే లేదు వాణ్ణి! సంపుటం వేసుకున్నప్పుడు తీసేశాను గానీ, ఆ పాత సంచికలో వాడింకా ఉపన్యాసం ఇస్తూనే ఉన్నాడు.

నిజమా మోసమా అని తేల్చమనేవాళ్ళకి క్వెసాలిడ్ గురించి చెప్పాలనిపిస్తుంది. కెనడా పశ్చిమ తీరంలోని క్వాక్యూట్ల్ తెగ మనిషి, షామన్ల మోసం బయటపెడదామని వాళ్ళ దగ్గరే చేరాడు. నోట్లో చిన్న ఈకల ముద్ద దాచి, నాలుక కొరుక్కుని, రక్తంతో కలిపి ఉమ్మి "ఇదిగో నీ జబ్బు" అని చూపించడం నేర్చుకున్నాడు. ట్రిక్ అని తెలుసు, తెలిసే చేశాడు, రోగులు కోలుకున్నారు. మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ రికార్డు చేసిన ఈ సంగతి మీద మరో మానవశాస్త్రవేత్త లెవీ-స్ట్రాస్ 1949లో ఒక వ్యాసమే రాశాడు. ఇప్పుడు చెప్పు, దీని చివర్లో డాక్టర్ని ఎక్కడ పెడతారు?

వియర్డ్ ఫిక్షన్‌లో ఇలా తేల్చకుండా వదిలేసే పద్ధతి బాగా తెలిసినవాడు ఆర్థర్ మాకెన్ అనే రచయిత. 1904లో వచ్చిన ఆయన కథ "ది వైట్ పీపుల్"లో ఒక చిన్నపిల్ల తన నోట్‌బుక్‌లో తెల్ల, ఆకుపచ్చ, ఎర్ర క్రతువుల గురించి ఆటల గురించి రాసినట్టు రాసుకుపోతుంది, ఏదీ వివరించదు, "చెప్పకూడదు" అనుకున్నవి చెప్పదు. ఆశ్చర్యపోదు కూడా. పాఠకుడికి వణుకు పుట్టేది అందుకే, అవతల ఏవో రూల్స్ ఉన్నాయని, ఆ పిల్లకి అవి వచ్చని, తనకి రావని.

నువ్వేమో హీరో చేత ప్రతి పేరాకి "అబ్బా!" అనిపించావు.

కాబట్టి ఆ ఆరు పేజీలు తీసెయ్. పిల్లాడి జ్వరంతో మొదలుపెట్టు. షామన్ ఎవరితో బేరమాడాడో, ఏం ఇచ్చుకున్నాడో, ఇచ్చింది ఎవరి సొమ్మో అది రాయి, ఊళ్ళో పంచాయితీ రాసినట్టు రాయి. హీరో ఉండి తీరాలంటే ఒక మూల కూర్చోబెట్టు, వాడికి కషాయం ఇవ్వకు.

కలం పేరు గురించి, ఏ పోటీకి పంపాలన్న దాని గురించి అడిగావు, అవి నాకు తెలీవు, పోటీల జడ్జీలతో నాకు పడదు. ఈసారి పీడీఎఫ్ కాకుండా వర్డ్ ఫైల్ పంపు, పక్కన తిట్లు రాసుకోవడానికి చోటు ఉంటుంది.