రిబ్కా మోసగత్తేనా?

బైబిల్లోని ఆదికాండంలో, చూపు మందగించిన భర్త ఇస్సాకును ఏమార్చి పెద్దకొడుకు ఏశావుకు దక్కాల్సిన ఆశీర్వాదాన్ని చిన్నకొడుకు యాకోబుకు ఇప్పించిన రిబ్కాను ఎలా అర్థం చేసుకోవాలని అడిగారు. మోసం మోసమే, కాదనలేం. కానీ ఆమె మొదటినుంచీ తెగువ ఉన్న మనిషి. పెళ్లికి ముందు, ఇస్సాకు కోసం పిల్లను వెతుక్కుంటూ వచ్చిన సేవకుడికి, ముక్కూమొహం తెలియకపోయినా, బావి దగ్గర నీళ్లిచ్చి, అడక్కుండానే అతని 10 ఒంటెలకూ కడవతో తోడిపోసింది (ఒంటె దాహం అంత తేలిగ్గా తీరదు!). ఇతనితో వెళ్తావా అని ఇంట్లోవాళ్లు అడిగితే 'వెళ్తాను' అంది, అంతే.

కడుపులో కవలలు పెనుగులాడినప్పుడు తనే దేవుణ్ణి అడిగింది. పెద్దవాడు చిన్నవాడికి దాసుడవుతాడన్న జవాబు ఆమెకే వచ్చింది. నా ఉద్దేశంలో అసలు కీలకం ఇదే. తండ్రి తడిమితే ఒంటినిండా రోమాలున్న ఏశావే అనుకోవాలని మేకపిల్లల తోలు యాకోబు చేతులకీ మెడకీ కప్పి, శాపం వస్తే నా మీదికే రానీ అంది. ఏశావు కోపం చల్లారేదాకా కొన్నాళ్లకని తన సోదరుడు లాబాను దగ్గరికి పంపిన ఆ కొడుకు 20 ఏళ్లు అక్కడే ఉండిపోయాడు. తల్లీకొడుకులు మళ్లీ కలిసినట్టు ఆదికాండంలో ఎక్కడా లేదు.