మిర్చి రైతుకు శిక్షణ కళ్లంలోనే ఇవ్వండి

"మా రైతు ఉత్పత్తిదారుల సంఘంలో అందరూ రెండు మూడు ఎకరాల మిర్చి రైతులే. అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల కాయలో చేరే విషం), మందుల అవశేషాల మీద మీటింగ్ పెడితే సంతకం పెట్టి వెళ్ళిపోతున్నారు, ఏం చేయాలి?" అని అడిగారు. పల్నాడు వైపు మిర్చి రైతులతో పనిచేసిన అనుభవంతో చెప్తున్నాను.

హాల్లో మీటింగులు తగ్గించండి. నాట్లప్పుడు చెప్పిన ఆరబోత విషయం ఫిబ్రవరి దాకా ఎవరికి గుర్తుంటుంది? కోతలు మొదలయ్యాక కళ్లం దగ్గరికే వెళ్ళండి. అక్కడ కాయ తిరగేసేదీ, తాలు ఏరేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. మనం శిక్షణకు పిలిచేది మాత్రం పాస్‌బుక్‌లో పేరున్న మగవాళ్ళని. నేను చూసినంతలో అసలు లోపం ఇదే.

రంగు రావాలని పండుకాయను కుప్ప పోస్తారు కదా, ఆ కుప్ప మధ్యలో చెయ్యి పెట్టి చూడమనండి. వేడి, చెమ్మ చేతికే తెలుస్తాయి. బూజు పట్టేది అక్కడే. పైకి బాగున్న కాయల్ని కొన్ని చీల్చి చూపించండి, గింజల దగ్గర బూజు కనిపించే కాయ దొరికితే ఇక ఉపన్యాసం అక్కర్లేదు. ఆ విషం ఒకసారి చేరితే ఎండబెట్టినా, వేయించినా పూర్తిగా పోదని అప్పుడు చెప్పండి, వింటారు. యూరప్ వాళ్ళు మిర్చిలో ఒప్పుకునే అఫ్లాటాక్సిన్లు అన్నీ కలిపి కిలోకి 10 మైక్రోగ్రాములే.

ఒకే కోత కాయను సగం నేల మీద, సగం టార్పాలిన్ పట్టా మీద ఆరబోయించండి. తేడా వాళ్ళే చూసుకుంటారు. రాత్రి మంచుకు కప్పాలి, పొద్దెక్కగానే తీసేయాలి, లేకపోతే పట్టా కింద చెమ్మ పడుతుంది.

అన్నిటికన్నా కష్టం, టిక్కీలు (మిర్చి బస్తాలు) తొక్కి నింపే ముందు కాయ మీద నీళ్ళు చల్లడం మాన్పించడం. దీన్ని మోసం అనకండి. మరీ ఎండిన కాయ తొక్కితే విరిగిపోతుంది, రైతు భయం నిజమే. సంఘం తరఫున తేమ మీటర్ ఒకటి కొని కళ్లాలకు తిప్పండి. తేమ 10, 11 శాతం దగ్గర ఆరబోత ఆపితే కాయ అంతగా విరగదు, నీళ్ళ అవసరమూ రాదు.

మందుల సంగతికొస్తే, 2021-22లో నల్ల తామరపురుగు తోటల్ని ఊడ్చేసింది. ఆ నష్టం చూసిన రైతుతో "మందు కొట్టకు" అంటే కోపం వస్తుంది. కొట్టిన తేదీ, మందు పేరు ఇంట్లో క్యాలెండర్ మీద రాయమనండి చాలు. కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో డబ్బాతో వచ్చే కాగితంలో చీమతలంత అక్షరాల్లో ఉంటుంది, అది మీరే చదివి పెద్దగా రాసివ్వండి.

ఇంత చేసినా మార్కెట్ యార్డులో అందరితో పాటు అదే రేటంటే వచ్చే ఏడు ఎవరూ చేయరు. బాగా ఆరబెట్టిన సరుకును వేరే లాట్‌గా ఉంచి, గుంటూరులోని స్పైసెస్ బోర్డు ల్యాబ్‌లో పరీక్ష చేయించి, ఆ రిపోర్టుతో మసాలా కంపెనీలతో నేరుగా మాట్లాడండి. బూజు అన్ని సంచుల్లో ఒకేలా ఉండదు, శాంపిల్ కోసం వీలైనన్ని టిక్కీల నుంచి కొంచెం కొంచెం తీసి కలపండి. రిపోర్టు సంఘం ఆఫీసు ఫైల్లో పెట్టేసి ఊరుకోకండి, ఆ కళ్లంలో పనిచేసిన వాళ్ళకు చదివి వినిపించండి.