గట్టుకు కొట్టుకున్న పాత మియాటా: వెనుక సస్పెన్షన్‌లో వంగినది ఏదో తేల్చుకోవడం ఎలా?

మీ మొదటి తరం మాజ్దా మియాటా తడి రోడ్డు మీద జారి, ఎడమ వెనుక చక్రం రోడ్డు పక్క కాంక్రీటు గట్టుకు అడ్డంగా కొట్టుకుందని రాశారు. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలను సరిచేసే పని) చేసే చోట కొలతలు కుదరక, సబ్‌ఫ్రేమ్ (బాడీ కింద బిగించి, సస్పెన్షన్‌ను మోసే చట్రం) మొత్తం మార్చాలని, లేకపోతే కారును వదులుకోవాలని చెప్పారన్నారు. అమెరికాలోని ఒహాయోలో నా 1992 మియాటాకు సరిగ్గా అదే మూల అలాంటి దెబ్బే తగిలింది. సబ్‌ఫ్రేమ్‌ను మార్చకుండానే అది ఈ రోజు తిన్నగా నడుస్తోంది. అందుచేత ఏ భాగానికైనా డబ్బు కట్టే ముందు, వంగినది ఏదో కొలతతో తేల్చుకోమని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

ఈ కారుకు నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్ అమరిక, అంటే ప్రతి చక్రాన్నీ పైన ఒకటి, కింద ఒకటి ఆర్మ్ పట్టి ఉంచే అమరిక, ఉంటుంది. వెనుక వైపు కింది ఆర్మ్ వెడల్పైనది. లోపలి వైపు రెండు క్యామ్ బోల్టులు (తిప్పితే ఆర్మ్ కొద్దిగా జరిగి కొలత సర్దుబాటయ్యేవి) దానిని సబ్‌ఫ్రేమ్‌కు పట్టి ఉంచుతాయి, బయటి వైపు ఒక పొడవాటి బోల్టు అప్‌రైట్ (చక్రాన్ని మోసే నిలువు భాగం) అడుగుభాగానికి బిగిస్తుంది. పై ఆర్మ్ అప్‌రైట్‌ను ఒక్క చోట మాత్రమే పట్టుకుంటుంది. దీనివల్ల చక్రం ఏ దిక్కుకు చూస్తోందన్నది, అంటే టో, దాదాపు పూర్తిగా కింది ఆర్మ్ మీదే ఆధారపడుతుంది. పై ఆర్మ్ చక్రం పైభాగాన్ని లోపలికో బయటికో వాల్చగలదు కానీ చక్రాన్ని పక్కకు తిప్పలేదు. టో చెడితే ముందుగా కింది ఆర్మ్‌ను, టో బాగుండి క్యాంబర్, అంటే చక్రం పైభాగం వాలు, మాత్రమే చెడితే పై ఆర్మ్‌ను లేదా అప్‌రైట్‌ను అనుమానించాలి. అలైన్‌మెంట్ కాగితం మీద ఎర్ర అంకెలు చూసి సబ్‌ఫ్రేమ్ పోయిందని చెప్పేవారు ఈ తేడాను చాలాసార్లు పట్టించుకోరు.

అన్నిటికంటే ముందు రిమ్‌ను, హబ్‌ను (చక్రం బిగించే మధ్య భాగాన్ని) లెక్కలోంచి తీసివేయాలి. చక్రాన్ని పైకెత్తి, రిమ్ అంచుకు దగ్గరగా ఒక కమ్మీని కదలకుండా నిలబెట్టి తిప్పండి. చక్రం ఊగితే దానిని కుడి వైపు బిగించి మళ్లీ తిప్పండి. ఊపు చక్రంతో పాటు కుడికి వెళ్తే రిమ్ వంగినట్టు, ఎడమ వైపే ఉండిపోతే హబ్ వంగినట్టు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని కదిపినప్పుడు వదులుగా అనిపిస్తే బేరింగ్‌ను కూడా చూడాలి.

తరువాత కారును సమతలమైన నేల మీద నిలిపి, రెండు పక్కలా దారం కట్టండి. రెండు దారాలూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, కారు మధ్య గీతకు ఇరువైపులా సమాన దూరంలో ఉండాలి. ఈ కారులో వెనుక ట్రాక్ (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం) ముందు ట్రాక్ కంటే కొంచెం వెడల్పు కాబట్టి, దారం నుంచి హబ్ మధ్యకు దూరం ముందూ వెనుకా ఒకటిగా ఉండదు; ఎడమ, కుడి దూరాలు సమానంగా ఉంటే చాలు. ఇప్పుడు దారం నుంచి రిమ్ ముందు అంచుకు, వెనుక అంచుకు దూరాలు కొలవండి. 14 అంగుళాల రిమ్ మీద 1 మిల్లీమీటరు తేడా అంటే సుమారు 0.16 డిగ్రీలు. చక్రాన్ని అరచుట్టు తిప్పి మళ్లీ కొలిచి సగటు తీస్తే, రిమ్‌లోని చిన్న వంకర లెక్కను పాడుచేయదు.

నా కారులో ఎడమ వెనుక చక్రం స్పష్టంగా బయటికి తిరిగి ఉంది, క్యాంబర్ మాత్రం కుడి వైపుతో దాదాపు సమానంగా ఉంది. వెనుక చక్రాలే దారి మళ్లించడం వల్ల కారు పీతలాగా కొంచెం ఓరగా నడిచేది, తిన్నగా పోవాలంటే స్టీరింగ్‌ను పక్కకు తిప్పి పట్టుకోవాల్సి వచ్చేది. క్యామ్‌ను చివరి వరకు తిప్పినా టో సరికాలేదు. ఈ లక్షణాలన్నీ కింది ఆర్మ్‌నే చూపించాయి. మీ కారు కూడా ఇలాగే ఉంటే బాగయ్యే వరకు దయచేసి నడపవద్దు. వెనుక చక్రం బయటికి తిరిగిన కారు తడి రోడ్డు మీద, అందులోనూ మలుపులో యాక్సిలరేటర్ వదిలినప్పుడు, ఒక్కసారిగా తిరిగిపోగలదు.

సబ్‌ఫ్రేమ్ సంగతి కూడా కొలతే చెప్పాలి. కింది ఆర్మ్ లోపలి బోల్టుల నుంచి బాడీ మీద ఎదురు వైపున ఉన్న రంధ్రాలకు ఐమూలగా కొలిచి, రెండో వైపు కొలతతో పోల్చండి. ముందు చక్రాలను తిన్నగా ఉంచి, ముందు హబ్ నుంచి వెనుక హబ్‌కు దూరాన్ని రెండు పక్కలా చూడండి. ఫ్యాక్టరీ వీల్‌బేస్ 2265 మిల్లీమీటర్లు. ఐమూల కొలతలు సమానంగా ఉండి, వీల్‌బేస్ మాత్రం ఒక పక్క మారితే సబ్‌ఫ్రేమ్ నిలిచే ఉన్నట్టు. ఎలాగూ కారు కిందికి దూరారు కాబట్టి, వెనుక చక్రాల ముందున్న బాడీ అంచులను కూడా తట్టి చూడండి. మడిచే టాప్ నుంచి నీరు దిగే గొట్టాలు పూడుకుపోతే నీరు అక్కడే నిలిచి లోపలి నుంచి తుప్పు తింటుంది. అక్కడ ఇనుము మిగలకపోతే సస్పెన్షన్ ఖర్చు గురించి వేరుగా ఆలోచించాలి.

అసలు శ్రమ బోల్టుల దగ్గర మొదలవుతుంది. శీతాకాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తిరిగిన కారులో క్యామ్ బోల్టులు, అప్‌రైట్ అడుగునున్న పొడవాటి బోల్టు, బుష్‌ల (ఆర్మ్ చివర్లలో ఉండే రబ్బరు కీళ్ల) లోపలి ఉక్కు గొట్టాలకు తుప్పుతో అతుక్కుపోతాయి. నట్టు వదులవుతుంది, బోల్టు మాత్రం రబ్బరును మెలిపెడుతుందే తప్ప బయటికి రాదు. తుప్పు వదిలించే నూనెను కొన్ని రోజుల ముందు నుంచే పోస్తూ ఉండండి. మంట పెట్టే పద్ధతిని నేను ఈ కారుకు ఒప్పుకోను; రబ్బరు కాలడం ఒకటైతే, పెట్రోలు ట్యాంకు సీట్ల వెనుక, ఆ చోటికి దగ్గరలోనే ఉంటుంది. ఆర్మ్ ఎలాగూ పారేసేదే కాబట్టి, బుష్ చివరకూ సబ్‌ఫ్రేమ్ చెవికీ (బోల్టు దూరే పలకకూ) మధ్య సన్నని రంపపు బ్లేడు దూర్చి, రెండు వైపులా బోల్టును కోసేయడం మేలు. చెవికి మాత్రం గాటు పడకూడదు, ఎందుకంటే కాపాడుకోవలసినది అదే. ఇందుకోసం కొత్త క్యామ్ బోల్టులు, ప్లేట్లు, నట్లు చేతికి వచ్చాకే పని మొదలుపెట్టండి.

కారును జాక్ మీదే వదిలి కిందికి దూరవద్దు. రెండు వైపులా గట్టి స్టాండ్లు పెట్టండి. బ్రేకు కాలిపర్‌ను హోస్ మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టండి, యాక్సిల్ షాఫ్ట్ జాయింట్ సాగిపోకుండా అప్‌రైట్‌కు ఆసరా ఇవ్వండి. వంగిన ఆర్మ్‌ను కొట్టి తిన్నగా చేయడం సరికాదు. అది రేకులను మడిచి అతికించిన భాగం, ఒకసారి వంగిన చోట బలం తగ్గుతుంది. పాత కార్ల యార్డులో దొరికే ఆర్మ్ చాలు, కానీ అతుకుల వెంట తుప్పు లేకుండా చూసి తీసుకోండి. కొత్త బోల్టుల నున్నని భాగానికి గ్రీజు రాయండి, మరలకు రాయవద్దు.

బుష్‌లున్న బోల్టుల చివరి బిగింపు మాత్రం కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చేయాలి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది, కారు ఎత్తు కూడా తేడాగా నిలుస్తుంది. నేను ర్యాంపు మీదికి ఎక్కించి బిగించాను. తరువాత నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించి, వెనుక రెండు చక్రాలకూ కలిపి సుమారు 3 మిల్లీమీటర్ల టో-ఇన్ (చక్రాల ముందు అంచులు కొంచెం లోపలికి తిరిగి ఉండటం) పెట్టించాను. మొదట వెనుక చక్రాలను, ఆ తరువాతే ముందు చక్రాలను సరిచేయమని వారికి చెప్పండి. కొన్ని వారాలు నడిపాక క్యామ్ నట్లు జరగలేదని ఒకసారి చూసి, అనుమానం ఉంటే దారం కట్టి మళ్లీ కొలవండి.