బంపర్ మీద గీత: గోరు పెట్టి చూశాకే డబ్బా కొనండి

ప్రశ్న: సార్, మాది సిల్కీ సిల్వర్ వేగనార్, ఆరేళ్ళ బండి. మొన్న అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రివర్స్ తీస్తుంటే వెనక బంపర్ కుడి మూల పిల్లర్‌కి రాసుకుపోయింది. జానెడు పొడుగున తెల్లటి మరక, దాని మధ్యలో రెండు చోట్ల మినప్పప్పు బద్దంత మేర నల్లగా కనిపిస్తోంది. షెడ్డులో అడిగితే బంపర్ మొత్తం పెయింట్ కొట్టాల్సిందే, నాలుగు వేలు అన్నారు. వెయ్యి రూపాయల్లో ఇంట్లో నేనే చేసుకోగలనా? అలా వదిలేస్తే తుప్పు పడుతుందని మా నాన్నగారు ఒకటే గొడవ.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు నాన్నగారికి చెప్పండి, తుప్పు పట్టదు. అది ఇనుము కాదండి, ప్లాస్టిక్. కింద వంగి బంపర్ లోపలివైపు టార్చి కొట్టి చూస్తే పీపీ అనో, పీపీ ప్లస్ ఈపీడీఎం అనో అచ్చులో పోసి ఉంటుంది, అంటే పాలీప్రొపిలీన్, దాంట్లో కాస్త రబ్బరు కలిపింది. మీకు నల్లగా కనిపిస్తోంది చూశారా, అదే ఆ ప్లాస్టిక్. డోర్ మీదో ఫెండర్ మీదో రేకు బయటపడితే తొందరపడాలి గానీ బంపర్ నెల ఆగినా ఏమీ కాదు.

ఇప్పుడు ఆ తెల్ల మరక సంగతి. నాకు వచ్చే ఉత్తరాల్లో సగం మంది గీత అనుకునేది అసలు గీతే కాదు, పిల్లర్ సున్నమో పక్క బండి పెయింటో మన బండికి అంటుకుని ఉంటుంది. షాంపూ నీళ్ళతో దుమ్మంతా పోయేలా కడిగి, ఆరాక, తడి వేలుతో మరక మీద రాయండి. తడి ఉన్నంతసేపు కనపడకుండా పోయి ఆరగానే మళ్ళీ కనపడితే అది రంగు పైనున్న క్లియర్ కోట్ (రంగుని కాపాడే పారదర్శక పొర) వరకే తగిలినట్టు. తర్వాత గోరు అడ్డంగా లాగండి, గోరు ఎక్కడా ఆగకపోతే పెయింట్ జోలికే వెళ్ళక్కర్లేదు. గోరు టక్కున ఆగిందంటే మాత్రం లోపలికి దిగింది. మీది చూడబోతే ముప్పాతిక భాగం పైపైనే, ఆ రెండు నల్ల చుక్కల దగ్గరే నిజమైన దెబ్బ.

పైపై దానికి రబ్బింగ్ కాంపౌండ్, అంటే కాస్త గరుకుగా ఉండే పాలిష్ ముద్ద, చాలు. పాత బనియన్ గుడ్డ మీద బఠానీ గింజంత తీసుకుని, చేతికి ఉంగరం వాచీ ఉంటే తీసేసి (ఎందుకు చెప్తున్నానో మా ఆవిడ కారు డోర్‌ని అడగండి), చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు రుద్దుతూ పదేసి సార్లకి ఒకసారి తుడిచి చూసుకోండి. గుడ్డ మీద తెల్లగా వస్తుంటే పిల్లర్ సున్నం వదులుతున్నట్టే, సంతోషం. కానీ ఊపుమీద అదే చోట అరగంట రుద్దకండి, క్లియర్ కోట్ మన తలవెంట్రుక మందం కూడా ఉండదు, ముఖ్యంగా బంపర్ అంచుల మీద ఇంకా పల్చగా ఉంటుంది, అది అరిగిపోయిందంటే ఇక వెనక్కి రాదు. కొంతమంది థిన్నర్ పెట్టి తుడిచేస్తారు, ఎప్పుడైనా షెడ్డులో రీపెయింట్ చేయించిన బంపర్ అయితే ఆ పెయింట్ కూడా గుడ్డకి వచ్చేస్తుంది, జాగ్రత్త.

ఇక నల్ల చుక్కలు. ఇక్కడే అందరూ తప్పు చేసేది, నేను కూడా చేశాను కాబట్టి చెప్తున్నా. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌కి ఏదీ అంత తేలిగ్గా అతుక్కోదు, ఫ్యాక్టరీలో కూడా దాని మీద మంట ఆడించో వేరే ప్రైమర్ (రంగు పట్టుకునేలా ముందు వేసే పూత) పూసో అప్పుడు రంగు వేస్తారు. నేను నా మొదటి కారుకి ఆ సంగతి తెలియక నల్ల ప్లాస్టిక్ మీద నేరుగా స్ప్రే కొట్టేశా, చూడ్డానికి అద్దంలా వచ్చింది, నాలుగు రోజులు అపార్ట్‌మెంట్ వాళ్ళందరికీ చూపించుకున్నా కూడా. ఐదోరోజు వాటర్ వాష్‌లో పైపు ప్రెషర్ తగలగానే పాల మీద మీగడ లేచినట్టు అరచేతి మేర పొర లేచొచ్చింది. కుర్రాడు పాపం తనే ఏదో చేశాడనుకుని భయపడ్డాడు. అందుకని పెయింట్ షాపులో ప్లాస్టిక్ ప్రైమర్ లేదా పీపీ ప్రైమర్ అని అడిగి తీసుకోండి, ఇనుముకి వేసే రెడ్ ఆక్సైడ్ చేతిలో పెడితే తీసుకోకండి. ఆటోనగర్ మీకు దగ్గరే కాబట్టి దొరకకపోవడం ఉండదు.

కలర్ విషయం. సిల్కీ సిల్వర్‌కి కోడ్ జెడ్ టూ ఎస్, అయినా బానెట్ కిందో డోర్ పిల్లర్ దగ్గరో ఉన్న ప్లేట్ మీద ఒకసారి చూసుకుని ఆ కోడ్ చెప్పే టచప్ సీసా తీసుకోండి, ఊరికే సిల్వర్ అంటే వాళ్ళు ఏదో సిల్వర్ ఇస్తారు. ఇంకో మాట ముందే చెప్తున్నా, తర్వాత నన్ను తిట్టుకోకండి: ఇంట్లో వేసే వాటిల్లో సిల్వర్ అంత మొండి రంగు లేదు. దాంట్లో సన్నటి అల్యూమినియం రజను ఉంటుంది, స్ప్రే గన్‌తో కొడితే ఆ రేకులు ఒక తీరుగా పడుకుని మెరుస్తాయి, అదే బ్రష్‌తో పెడితే అడ్డదిడ్డంగా నిలబడి ఒక వైపునుంచి నల్లగా ఇంకో వైపునుంచి తెల్లగా కనపడతాయి. దానికితోడు మీ బండి ఆరేళ్ళు ఎండలో ఉంది. అందుకే నా సలహా, స్ప్రే డబ్బా కొనకండి. కోడ్ చూసి కలిపించిన డబ్బా, క్లియర్ డబ్బా కలిపితే మీ వెయ్యి అక్కడికే చాలదు, పైగా చిన్న చుక్క కోసం జానెడు జాగా స్ప్రే కొట్టి ఆ అంచులు కలపలేక చివరికి షెడ్డుకే వెళ్తారు. రెండు చుక్కలు మాత్రమే కప్పండి, నాలుగడుగుల దూరం నుంచి చూస్తే తెలియకపోతే చాలు.

ఎలాగంటే, చుక్క చుట్టూ లేచిన పెచ్చులుంటే 800 నంబర్ వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) చిన్న ముక్క చింపి, పెన్సిల్ వెనక రబ్బరుకి అంటించి, సబ్బునీళ్ళతో తడుపుతూ ఆ చుక్క వరకే అంచులు నున్నగా చెయ్యండి. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ప్రైమర్ మూతలో కాస్త పోసుకుని (స్ప్రే డబ్బా అయితే కొట్టుకుని), టూత్‌పిక్‌తో ముంచి నల్ల ప్లాస్టిక్ మీద పల్చగా తాకించండి, ఎంతసేపు ఆరాలో డబ్బా మీద రాసి ఉంటుంది, అంతవరకు ఆగాలి. తర్వాత టచప్ సీసాని రెండు నిమిషాలు బాగా ఊపండి, రజనంతా అడుగున కూర్చుని ఉంటుంది. బొట్టు పెట్టినట్టు పెట్టి వదిలెయ్యండి, గీయకండి. ఆరితే కుంగుతుంది, మళ్ళీ ఇంకో బొట్టు, అలా మూడు నాలుగు సార్లు. చివర్లో క్లియర్ బొట్టు, అది మాత్రం చుట్టూ ఉన్న పెయింట్ కంటే కాస్త ఉబ్బెత్తుగానే ఉండాలి. వారం రోజులు ఆగి, ఆ ఉబ్బుని 2000 పేపర్‌తో తడిపి నెమ్మదిగా సమానం చేసి, మళ్ళీ కాంపౌండ్. రంగు వేశాక క్లియర్ వెయ్యకుండా పేపర్ పెట్టారో, మెరుపంతా పోయి బూడిద మచ్చ అవుతుంది.

వాన ముసురు రోజు మాత్రం పెట్టకండి, గాల్లో తేమకి పెయింట్ పాలు కలిసినట్టు తెల్లబారుతుంది. మే నెల మధ్యాహ్నం మన బెజవాడ ఎండలో కూడా వద్దు. పొద్దున తొమ్మిది లోపు, నీడలో, గాలి లేనప్పుడు. పని అయ్యాక నెల రోజులు ప్రెషర్ వాష్, వాక్స్ రెండూ మానేస్తే మంచిది.

ప్రశ్న: అన్నా, టూత్‌పేస్ట్ రుద్దితే గీతలు పోతయని వీడియోలల్ల చూపిస్తున్నరు, మా దోస్తేమో కొబ్బరినూనె రాయమంటున్నడు. నిజమేనా? మాది తెల్ల కారు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: టూత్‌పేస్ట్‌లో పళ్ళు తోమే సన్నటి పొడి ఉంటుంది తమ్ముడూ, కాబట్టి మసకబారిన సన్న గీతలకి అంతో ఇంతో పనిచేస్తుంది. కాంపౌండ్ దొరుకుతున్నప్పుడు ఆ తిప్పలు ఎందుకు. కొబ్బరినూనె గీతని తీసెయ్యదు, దాంట్లో నిండి దాచేస్తుంది, అందుకే వీడియోలో అంత బాగా కనపడుతుంది, రెండు వానలు పడ్డాక వాళ్ళ కారు చూపించమను. ఇంకో నష్టం ఏంటంటే నూనె గానీ, డ్యాష్‌బోర్డ్‌కి రాసే సిలికాన్ పాలిష్ గానీ అక్కడ మిగిలిపోతే, రేపు పెయింట్ వేసినప్పుడు చేపకళ్ళలాగా గుంటలు గుంటలుగా విడిపోతుంది. నీది ప్లెయిన్ తెలుపు అయితే అదృష్టవంతుడివి, రజను ఉండదు, టచప్ సీసాతో ఎవరైనా నమ్మనంత బాగా కలిసిపోతుంది. పెర్ల్ వైట్ అయితే మాత్రం తెలుపు మీద మెరుపు పొర వేరుగా ఉంటుంది, దాన్ని ముట్టుకోకు.

ప్రశ్న: బంపర్ గీతకి ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేస్తే పోలా, ఈ రుద్దుడంతా ఎందుకు?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: చేయొచ్చమ్మా, కానీ ముందు కాగితం మీద లెక్క వేసుకోండి. 1500 సీసీ లోపు కారుకి ప్రతి క్లెయిమ్‌లో వెయ్యి రూపాయలు ఎలాగూ మీదే. జీరో డెప్ (పార్టు పాతబడిందని ధర తగ్గించకుండా ఇచ్చే యాడ్ ఆన్) లేకపోతే, బంపర్ మార్చాల్సి వచ్చినప్పుడు ప్లాస్టిక్ పార్టు కాబట్టి సగం ధరే ఇస్తారు. అసలు దెబ్బ నో క్లెయిమ్ బోనస్‌కి, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపుకి. అది ఏటా 20, 25, 35, 45, 50 శాతం అలా మెట్లెక్కుతుంది, ఒక్క క్లెయిమ్‌తో మళ్ళీ సున్నా. మీరు 50 దగ్గర ఉన్నారు, ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మీ బండి దెబ్బలకి కట్టే భాగం) తగ్గింపుకి ముందు 6000 అనుకుందాం, ఏటా 50కి బదులు 0, 20, 25, 35, 45 వస్తాయి కాబట్టి, మళ్ళీ పైకి ఎక్కేలోపు ఐదేళ్ళలో మీరు పోగొట్టుకునేది 50, 30, 25, 15, 5 శాతాలు, మొత్తం కలిపితే 7500. నాలుగు వేల పెయింట్ కోసం, అందులోనూ వెయ్యి మీరే కట్టి. బోనస్ పోకుండా చూసే యాడ్ ఆన్ తీసుకుని ఉంటే సంగతి వేరు, పాలసీలో ఉందో లేదో చూసుకోండి. లేదంటే పై ఉత్తరంలోని కాంపౌండ్ డబ్బాయే గతి.