పచార్లా, నడకా?

ప్రశ్న: ‘ఆర్కే బీచ్‌లో రోజూ పచార్లు చేస్తాను’ అంటే తాతగారు నవ్వారు. తప్పేముంది? తప్పటడుగంటే తప్పు అడుగేనా?
– పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: బీచ్ రోడ్డు వెంబడి తిన్నగా సాగితే అది నడక, సరదాకైతే షికారు. ద్వారకా బస్‌స్టేషన్లో బస్సు రాక పది అడుగులు అటు, పది ఇటు వేస్తుంటారే, అవి పచార్లు. చోటు మారదు, మనిషి ఆగడు. అదే మనిషి ఏదో ఉద్దేశంతో ఒక ఇంటి ముందే తిరిగితే ‘తచ్చాడుతున్నాడు’ అంటాం; అందులో అనుమానం ఉంది, జాగ్రత్తగా వాడండి.

తప్పటడుగు పసిపిల్లలది. కాలు నిలవక తడబడుతూ వేసేది, అందులో దోషం లేదు. పెద్దలకు అంటగట్టేసరికి పొరపాటైంది. నడత అంటే ప్రవర్తన, కాళ్లతో పనిలేదు. ‘నడమంత్రపు సిరి’లోనూ నడక లేదు, ఉన్నది నడుమ.